నాలుగు వేళ్ల వాన

రేడియోలో సముద్రం కబుర్లు:
ఈశాన్యపు గాలి, సన్నజల్లు, పొద్దు వాలాక పొగమంచు.
న్యూఫౌండ్‌లాండ్‌లో ఇది వార్త కాదు, అలవాటు.
పడవల వాళ్లు తాళ్లు బిగించుకుంటున్నారు.
డల్సీ హైన్స్ మాత్రం
విల్లు పట్టుకుని పెరట్లోకి దిగింది.

చిరిగిన వలలు కుక్కిన గోనెసంచి,
దాని మీద సున్నంతో ఒక చుక్క.
ఇరవై గజాలు. తడిపిన బాణం.
చుక్కకి నాలుగు వేళ్ల కింద దిగింది.
కంచె ఇవతల, గొడుగు కింద నేను.
"ఒరేయ్, కొలిచి రాసుకో" అంది.
పెన్సిలుతో రాసుకున్నాను. వానకి చెరగదు.

ఊళ్లో అందరూ వాతావరణాన్ని కొండ మీద చూస్తారు.
ఆమె అల్లెతాడులో చూస్తుంది.
నీళ్లు తాగితే తాడు బరువెక్కుతుంది,
మీటితే జలుబు చేసిన గొంతులా పలుకుతుంది.
మైనం రుద్దాలి, బొటనవేలు కాలేదాకా.
టర్కీ కోడి ఈకలు తడిస్తే
స్నానం చేయించిన పిల్లిలా నీరుగారిపోతాయి.
నవంబరుది ఇంకో కథ.
చలికి బిగుసుకున్న కట్టె
నిండా లాగేసరికి లోపలెక్కడో కటుక్కుమంటుంది,
ఆ పాటి చప్పుడుకే అవతల రెండు చెవులు నిక్కుతాయి.
ఉన్ని కోటు తొడుక్కుంటే అల్లె వచ్చి చెయ్యి కొరుకుతుంది,
తొడుక్కోకపోతే
వేళ్లు ఇంకెవరివో అయిపోతాయి.

గాలి బాణాన్ని పక్కకి తోస్తుందని నాకూ తెలుసు.
అది మన చెమటని మనకన్నా ముందే మోసుకెళ్లి
అడవంతా చాటింపు వేస్తుందని
ఆమె చెప్పాకే తెలిసింది.
ఆమె దగ్గర ఎప్పుడూ చేపల ఫ్యాక్టరీ వాసనే.
"మూస్ దుప్పి దానికి భయపడదులే,
ముసల్ది పనిలోకి పోతోందనుకుంటుంది."

కానీ చినుకు పడితే మంచె దిగిపోతుంది డల్సీ,
ఎదురుగా ఎంత పెద్ద కొమ్ములున్నా సరే.
ఊరంతా ఎరిగిన సంగతే. ఎందుకని ఎవరూ అడగరు.
నేనడిగాను. కొత్తవాణ్ణి కదా.

ఈకలు దువ్వుతూ చెప్పింది.
"పొడి ఉదయం. కడిగి బోర్లించిన పళ్లెంలా ఆకాశం.
పదిహేడు గజాలు. కాస్త వెనగ్గా తగిలింది.
ఆగాలి. ఆగాను. ఫ్లాస్కులో టీ తాగాను.
రెండో గుక్కలో చినుకు.
నాచు మీద ఎర్రచుక్కలు ముందు పెద్దవయ్యాయి,
తర్వాత గులాబీ రంగుకి తిరిగాయి,
ఆ తర్వాత అడవంతా ఒకటే తడి."

మూడు రోజులు వెతికారట,
ఆమె, అన్న మెల్విన్, అరువు తెచ్చిన ఒక కుక్క.
నాలుగోనాడు మాలకాకులు చూపించాయి.
టీ తాగిన చోటికి
కేకేస్తే వినపడేంత దూరంలో.

"వానలో వేటాడరు కదా,
మరి వానలో ఈ సాధనెందుకు?"

నా వైపు చూళ్లేదు.
సంచిలోంచి బాణం పీకి నీళ్లు విదిలించింది.
"నీకు మొత్తం చెప్పలేదు.
వాన మొదలయ్యాక అది నాకు మళ్లీ కనపడింది,
రెండు స్ప్రూస్ చెట్ల మధ్య, నిలబడి.
రెండో బాణం వేశాను. ఈకలు అప్పటికే తడిశాయి.
పొట్ట కింద నుంచి పోయింది.
ఎంత కిందో ఇప్పుడైతే చెప్పగలను."

మళ్లీ ఎక్కుపెట్టింది.
నేను గొడుగు ముడిచి కంచెకి ఆనించాను,
ఎందుకో పట్టుకోవాలనిపించలేదు.

నాలుగు. నాలుగు. మూడున్నర.
నాలుగు.
చెప్పిన వేళకే పొగమంచు వచ్చి
చుక్కని, సంచిని, చివరికి ఆమెని కమ్మేసింది.
ఆ తర్వాతవి రాయలేదు.
దిగిన చప్పుడు మాత్రం విన్నాను.